వకీలు గారి ఎడమ భుజం

"ముందు దాన్ని విప్పండి," అన్నాడు మాస్టరు. "ఆ బొమ్మ ఒంటి మీంచి ఎవరో ఒకరు విప్పండి. నేను చూడలేను."

ఎవరూ కదల్లేదు.

బొమ్మ అంటే మాస్టరు కుట్టుకొట్టు మధ్యలో ఒంటికాలి మీద నిలబడే చెక్కబొమ్మ. తలా చేతులూ లేకపోయినా ఆ వీధిలో దానంత నిటారుగా నిలబడే మనిషి ఇంకొకడు లేడు. దాని మీద వకీలు గారి బూడిదరంగు కోటు ఉంది, ఇంకా తాత్కాలికంగా వేసిన పచ్చికుట్ల మీదే, గుండీలు లేకుండా. కుడివైపు గీత గీసినట్టుంది. ఎడమవైపు మాత్రం భుజం దగ్గర గుడ్డ చాలక బిగుసుకుపోయి, కాలరు చెవి ఉండాల్సిన చోటికి ఎగబాకి, కింద అంచు వేలెడు పైకి లేచింది. చేతులు లేవన్న సంగతి మర్చిపోయి బొమ్మ ఎవరినో కొట్టబోతున్నట్టుంది.

పోయిన వారం దాకా ఈ ఇంట్లో వినిపించిన నవ్వులూ కబుర్లూ ఇప్పుడు వెతక్కండి.

గురువారం మాస్టరు ఆ గుడ్డని రెండు మడతలు వేసి, సుద్దతో గీతలు గీసి, లైనింగ్ కొనడానికి బజారుకెళ్ళాడు. తిరిగొచ్చేసరికి కూతురు కత్తిరించి పెట్టింది. పదహారేళ్ళ పిల్ల. పుట్టినప్పుడు గుప్పెడు లేదని పిట్ట అన్నారు, అదే ఉండిపోయింది. రెండేళ్ళుగా తండ్రి గీతల వెంట కత్తెర నడుపుతోంది, వెంట్రుకవాసి తప్పలేదు. అందుకని అతను చూడకుండానే ముక్కలు మూటగట్టి, పచ్చికుట్లు వెయ్యమని భార్యకిచ్చాడు. ఇదిగో, ఆదివారం పొద్దున పదింటికి చూశాడు. పదకొండింటికి వకీలు గారు తొడుక్కుని చూసుకోవడానికి వస్తారు.

ఇంకో గుడ్డ తెద్దామంటే ఈ ఊళ్ళో దొరికేది కాదు. ఎక్కడో సముద్రాలకవతల నుంచి ఆయన తెప్పించుకున్నది.

"నా గీత ఏమైంది?" అన్నాడు మాస్టరు.

పిట్ట బల్ల కింద పడ్డ గుడ్డపీలికలు ఏరుతోంది.

"నిన్నే. నేను గీసింది ఇక్కడ. నీ కత్తెర అక్కడికెందుకు దిగింది? చెయ్యి జారిందా?"

"జారలేదు నాన్నా. మడత విప్పి ఎడమ ముక్క విడిగా కోశాను. వీపు ముక్క కూడా."

చెయ్యి జారిందని ఉంటే రెండు తిట్టి ఊరుకునేవాడు. ఇప్పుడు ఏ తిట్టు తియ్యాలో తెలియక గోడకేసి చూశాడు.

గోడ దగ్గర ఇస్త్రీ బల్ల వెనక అతని అక్క ఉంది. ఆ ఇంట్లో ఇస్త్రీపెట్టె చల్లారినా ఆవిడ నోరు చల్లారదు.

"నేను చెప్పానా లేదా? బళ్ళో ఆ నాటకాల క్లాసులో చేరిన రోజే చెప్పాను. కళ్ళు నెత్తి మీదికొస్తాయిరా అన్నాను. విన్నావా? మొన్న నా వెనకే నడుం పట్టుకుని నాలాగే నడుస్తోంది. తిరిగి చూస్తే ఏమీ ఎరగనట్టు పైకప్పు చూస్తోంది."

"ఊరికే నడుం పట్టుకుని నడిస్తే నీలాగ ఎలా అవుతుందత్తా?" అంది పిట్ట. "నువ్వెప్పుడూ పట్టుకోవు. ఎవరైనా చూస్తున్నప్పుడే పట్టుకుంటావు."

అత్త ఇస్త్రీపెట్టెని బల్ల మీద పెట్టిన చప్పుడుకి సూదుల డబ్బా గెంతింది.

"విన్నావట్రా? విన్నావా దీని మాట?"

"నువ్వుండక్కా." మాస్టరు పిట్ట ముందుకొచ్చి నిలబడ్డాడు. "ఆ టీచరమ్మ చెప్పిందా, మీ నాన్న గీత చెరిపెయ్యమని?"

"ఆవిడకి మన గీతల సంగతేం తెలుసు? ఒక మనిషిని చూడమంది, అంతే. తలా ఒకర్ని ఎంచుకోమంది. వారం రోజులు నోరు విప్పకుండా, వాళ్ళకి తెలియకుండా చూడమంది. నడక ఒంట్లో ఎక్కడ మొదలవుతుందో కనిపెట్టమంది. కొందరికి మోకాల్లో మొదలవుతుంది, కొందరికి పొట్టలో. వారం తర్వాత క్లాసులో ఆ మనిషిలా నడవాలి. మాటలుండవు. ఎవరో మిగతావాళ్ళు చెప్పాలి."

"కోతి వేషాలు."

"నేను వకీలు గారిని ఎంచుకున్నాను. ఆయన రోజూ బడి మెట్ల ముందునుంచే కోర్టుకెళ్తారు. ముప్ఫయ్యేళ్ళుగా ఎడమ భుజానికే ఫైళ్ళ సంచి తగిలిస్తున్నారు. సంచి గుమాస్తా చేతికిచ్చేసినా ఆ భుజం కిందనే ఉంటుంది. ఆయన నడక అక్కడే మొదలవుతుంది నాన్నా. నువ్వు టేపు తియ్యగానే ఊపిరి బిగబట్టి సిపాయిలా నిలబడతారు. నువ్వు ఆ సిపాయిని కొలిచి పుస్తకంలో రాసుకుంటున్నావు. కోటు తొడుక్కునేది ఆయన కదా."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. పదకొండేళ్ళుగా వకీలు గారి ప్రతి కోటూ తిరిగొస్తూనే ఉంది. మెడ వెనక ముడత. ఎడమ చంక కింద సంచిలా వేలాడే గుడ్డ. మాస్టరు ప్రతిసారీ ఇస్త్రీ సరిగ్గా పడలేదండీ అని సర్దిచెప్పడం, వకీలు గారు వెళ్ళగానే అక్క మీద విరుచుకుపడటం. పదకొండేళ్ళ రివాజు.

"నా చేత్తో నాలుగు వేల కోట్లు కుట్టాను," అన్నాడు మాస్టరు. నాలుగు వేలు కావు లెండి, కోపంలో ఉన్నప్పుడు అతని లెక్క పెరుగుతుంది. "వారం రోజులు మెట్ల మీద కూర్చుని నువ్వు నాకు మనుషుల్ని చూపిస్తావా?"

"తాత టేపు లేకుండానే చూసి కుట్టేవాడని అందరికీ చెప్తావుగా నువ్వే."

ఈ తాత గారి సంగతి వినని వాళ్ళకి ఒక్క ముక్క చెప్పాలి. ఆయన మేడ మీద కూర్చుని, కింద వీధిలో గుర్రమ్మీద పోతున్న మనిషిని ఒక్కసారి చూసి, ఆ మనిషి పొరుగూరెళ్ళి తిరిగొచ్చేలోపు కోటు కుట్టి, గుర్రం దిగనివ్వకుండానే తొడిగేసేవాడట. ఒకసారి గుడ్డ మిగిలితే గుర్రానికీ కుట్టాడట. రౌతు కంటే గుర్రానికే బాగా కుదిరిందని ఊళ్ళో గొడవైతే, గుర్రం కదులుతూ ఉంటుందయ్యా, నువ్వు బిగుసుకుని కూర్చుంటావు, అన్నాడట. మాస్టరు ఈ కథని ప్రతి కొత్త బేరానికీ చెప్తాడు. చెప్పినప్పుడల్లా గుర్రం ఒక జానెడు ఎత్తు పెరుగుతుంది.

తన కథ తనకే అడ్డం తిరగడం మాస్టరుకి అదే మొదలు.

"అది కథే," అన్నాడు గొంతు తగ్గించి. "కోటు కథ కాదు." అప్పుడు అతని చూపు మూల నేల మీద కూర్చున్న భార్య మీద పడింది. ఆమె ఎవరిదో చొక్కాకి కాజాలు కుడుతోంది. ఇంత గొడవలోనూ సూది ఆగలేదు. "నువ్వు చేత్తో పట్టుకుని పచ్చికుట్లు వేశావు. రెండు భుజాలూ ఒక్కలా లేవని నీకు తెలియలేదా?"

ఆమె దారం పంటితో తెంపింది.

"తెలిసింది."

"తెలిసీ?"

"తెలిసే కుట్టాను."

ఇస్త్రీ బల్ల వెనక నుంచి, "అదీ సంగతి. ఇద్దరూ కలిసే," అని వినిపించింది.

"వదినగారూ, మీరు కాసేపు ఆగండి." ఆమె గొంతు పెంచలేదు. "మన పిట్ట రెండేళ్ళ కిందట చొక్కాకి ఏ రంగు గుండీ వెయ్యాలన్నా నన్నడిగేది. తెల్ల చొక్కాకి తెల్ల గుండీ వెయ్యడానికి కూడా అడిగేది. ఈసారి ఎవర్నీ అడగలేదు. ఎందుకు అడగలేదో చూద్దామనిపించింది."

"వకీలు గారి గుడ్డ మీదా చూసేది?" అన్నాడు మాస్టరు.

ఆమె సూదికి కొత్త దారం ఎక్కించుకుంది.

మాస్టరు తలుపు పక్కనున్న మేకు దగ్గరికెళ్ళాడు. ఆర్డరు చీటీలు గుచ్చే మేకు అది. వాటి పైన బడి నుంచి వచ్చిన కాగితం ఉంది. వచ్చే ఏడు కూడా నాటకాల క్లాసులో ఉండాలంటే ఇంటి పెద్ద సంతకం కావాలి. రేపు పొద్దున బడిగంటలోపు ఇవ్వాలి. వారం నుంచి ఆ కాగితం అక్కడే ఉంది. అతను దాన్ని చూడనట్టు నటించడమూ వారం నుంచే జరుగుతోంది. నటన ఆ ఇంట్లో పిట్టతోనే మొదలైందని ఎవరన్నారు?

"ఇదిగో, విను," అన్నాడు. "పదకొండింటికి ఆయన వస్తాడు. కోటు ఆయన ఒంటికి పడలేదో, ఈ కాగితం పొయ్యిలోకి పోతుంది. క్లాసు లేదు, టీచరమ్మ లేదు. బడి నుంచి తిన్నగా వచ్చి ఈ బల్ల దగ్గర కూర్చుంటావు."

"పడితే?"

"పడదు."

"పడితే నాన్నా?"

"పడితే చేస్తాను సంతకం. ఎన్ని కావాలంటే అన్ని చేస్తాను."

"అమ్మా, విన్నావుగా," అంది పిట్ట.

"విన్నాను," అంది తల్లి.

*

వకీలు గారు చెప్పిన వేళకి అయిదు నిమిషాలు ముందే వచ్చారు. మనిషి లావు లేదు, పొడుగు లేదు. గొంతు మాత్రం రెండు వీధుల పొడుగు. రేపు పెద్ద కేసు ఉంది, అది ఈ కోటు తొడుక్కునే వాదించాలని ఆయన పట్టుదల.

"కానివ్వండి మాస్టరూ," అంటూ అద్దం ముందుకెళ్ళారు. అద్దంలో తన్ను తాను చూసుకోగానే ఊపిరి బిగబట్టి, గడ్డం ఎత్తి, భుజాలు వెనక్కి లాగి సిపాయి అయిపోయారు.

మాస్టరు కోటు తొడిగాడు.

బొమ్మ మీద ఎలా ఉందో అలాగే ఉంది. ఎడమ భుజం బిగుసుకుంది. కాలరు చెవి కిందికొచ్చింది. కోటు అంచు లేచి లోపలి చొక్కా కనిపించింది.

"ఇదేంటండీ?" అన్నారు వకీలు గారు అద్దంలోంచే. "పోయినసారి వేలాడింది. ఈసారి పట్టేసింది. నన్నెవరో జుట్టు పట్టుకుని లేపుతున్నట్టుంది."

అత్త అలికిడి లేకుండా ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. చూడాలి కదా.

"పచ్చికుట్లే కదండీ, విప్పి..." అంటూ మాస్టరు ఆగిపోయాడు. విప్పి చేసేదేముంది? కోసిన గుడ్డ.

పిట్ట తండ్రి పక్కనుంచి ముందుకొచ్చింది.

"వకీలు గారూ, ఒక మాట అడగొచ్చా?"

"లోపలికి పో," అన్నాడు మాస్టరు పెదవులు కదపకుండా.

"అడగమ్మా."

"రేపు జడ్జి గారి ముందు లేచి మొట్టమొదట ఏమంటారండీ?"

మాస్టరు కూతురి జబ్బ పట్టుకోబోయాడు. కానీ వకీలుని ఆయన కేసు గురించి అడిగాక ఆపడం మాస్టరు తరమా? వకీలు గారు అద్దానికి వీపు పెట్టి తిరిగారు.

"మొట్టమొదటా? మొట్టమొదట నేనేమీ అనను. అవతలి వకీలు చెప్పిన మొత్తం వింటాను. విని, నింపాదిగా లేచి, ఇలా రెండడుగులు వేసి..." రెండడుగులు వేశారు. "అయ్యా, ఆ గోడ ఎవరిదన్నది కాదు ప్రశ్న, దాన్ని ఎవరు కట్టారన్నదీ కాదు..."

ఊపిరి వదిలారు. గడ్డం దిగింది. లేని సంచి ఏదో వచ్చి తగులుకున్నట్టు ఎడమ భుజం తన చోటికి తను దిగిపోయింది.

దాంతోపాటు కోటూ దిగింది. కాలరు మెడకి వచ్చి ఆనుకుంది. అంచు నేలకి సమానంగా నిలిచింది. గుడ్డ మీద ముడతన్నది లేదు. వకీలు గారు గుమ్మం దాకా వాదిస్తూ వెళ్ళారు, వాదిస్తూ తిరిగొచ్చారు. కోటు ఆయనతో వెళ్ళింది, ఆయనతోనే వచ్చింది.

మూలన సూది ఆగింది.

వకీలు గారు గోడ కేసు సగంలో వదిలేసి మెడ వెనక తడుముకున్నారు. మళ్ళీ తడుముకున్నారు.

"మాస్టరూ, ముడత లేదు."

"లేదండీ."

"పదకొండేళ్ళలో మొదటిసారి నా మెడ వెనక ముడత లేదు. చంక కింద సంచీ లేదు. కోర్టులో నేను మాట్లాడుతుంటే జడ్జి నా చంక వైపు చూసేవాడయ్యా. ఏం చేశారు? ఎలా పట్టుకున్నారు?"

అప్పుడు పిట్ట తండ్రి మొహంలోకి చూసింది. తల్లీ చూసింది. అత్త కూడా చూసింది, తన కారణాలు తనకున్నాయి.

మాస్టరు మెళ్ళో టేపు రెండు కొసలూ పట్టుకుని కిందికి లాగాడు. మెడ కాస్త వంచాడు. పెదవి ఒక పక్కకి నవ్వింది.

"అనుభవమండీ," అన్నాడు.

"ఈ చెయ్యి మామూలు చెయ్యి కాదు," అంటూ ఆయన కోటు విప్పి ఇచ్చారు. "రాత్రికల్లా పూర్తిచేసి పంపండి. మా తమ్ముడినీ పంపిస్తాను. ఇంకో రెండు గుడ్డలున్నాయి నా దగ్గర, అవీ పంపిస్తాను." వకీలు గారు వెళ్తూ వెళ్తూ పిట్ట వైపు తిరిగారు. "పాపకి కోర్టు కబుర్లంటే ఇష్టంలా ఉంది. చదివించండి."

*

ఆయన అడుగుల చప్పుడు వీధిలో కలిసిపోయింది. మొదట నోరు విప్పింది అత్త.

"పదకొండేళ్ళు," అంది.

"అక్కా, ఇప్పుడు కాదు."

"ఇప్పుడే. పదకొండేళ్ళు ఇస్త్రీ రాదన్నావు నాకు. ఆ మనిషి ముందు నిలబెట్టి ఒకసారి, మా అక్క చేతిలో పదును లేదండీ అన్నావు. మర్చిపోయాననుకున్నావా? ఒక ముడత కోసం మూడుసార్లు నీళ్ళు చల్లి రుద్దాను. ఇదిగో, ఈ మచ్చ అప్పటిదే." ఆవిడ మణికట్టు చూపించింది. "భుజం కదరా అది. ఆయన భుజం. నువ్వు చూసుకోలేదు."

"ఇందాకటిదాకా దాన్ని తిట్టింది నువ్వే."

"దాన్నింకా తిడుతూనే ఉన్నాను. నన్ను వేళాకోళం చేసింది, అది వేరే. నిన్ను తిట్టేది వేరే."

పిట్ట మేకు మీంచి కాగితం తీసింది. సుద్దలూ చాకులూ ఉండే సొరుగులోంచి పెన్ను తీసి రెండూ బల్ల మీద తండ్రి ముందు పెట్టింది.

"పడింది నాన్నా."

మాస్టరు కాగితం వైపు చూడలేదు. బల్ల మీద లేని సుద్దపొడి దులిపాడు.

"పడితే చేస్తానన్నావు."

"కూర్చో," అన్నాడు. "కోపం తెచ్చుకోకుండా విను. ఆ క్లాసు వల్ల నీకు రావలసింది వచ్చింది. చూపు వచ్చింది. కాదనను. వచ్చాక ఇంకా అక్కడేం పని? వకీలు గారి గుడ్డలు రెండు వస్తున్నాయి. తమ్ముడు వస్తాడు. ఆ తమ్ముడు ఎలా నడుస్తాడో చూడాలంటే ఎవరున్నారు నాకు? రేపటి నుంచి బడి అవ్వగానే ఈ బల్ల దగ్గరికి రా. కత్తెర నీకే ఇస్తాను. గీత కూడా నువ్వే గీసుకో."

"కోటు పడకపోతే బల్ల దగ్గర కూర్చోమన్నావు."

"అది వేరు."

"పడినా బల్ల దగ్గరే కూర్చోమంటున్నావు."

"అది శిక్ష. ఇది..." మాస్టరు కత్తెరని ఆ పిల్ల వైపు జరిపాడు.

"ఏమండీ, చేస్తానన్నారు. నేను విన్నాను," అంది తల్లి.

"నువ్వు విన్నావని తెలుసు. నీ పని చూసుకో."

"నాన్నా, ఇది ఒకసారి నేర్చుకుని పెట్టెలో దాచుకునేది కాదు," అంది పిట్ట. "అక్కడ వారానికో కొత్త మనిషి. తప్పు చేస్తే ఎవరూ తిట్టరు, ఇంకోలా చెయ్యమంటారు. అక్కడ తప్పులు చేశాను కాబట్టే ఇక్కడ నీ గీత దాటగలిగాను. అది లేకుండా నన్నిక్కడ కూర్చోబెడితే ఏడాదిలో మళ్ళీ నీ గీత మీదే కోస్తాను. వకీలు గారి చంక మళ్ళీ వేలాడుతుంది."

"బెదిరిస్తున్నావా?"

"ఉన్నది చెప్తున్నాను."

"అయితే నేనూ ఉన్నది చెప్తున్నాను. సంతకం లేదు. ఆ టీచరమ్మ వచ్చి గుమ్మంలో కూర్చున్నా లేదు. నా ఇంట్లో పిల్ల నా కొట్లో పని చెయ్యడానికి ఎవడి దగ్గరో నడక నేర్చుకోనక్కర్లేదు. నాకు చేతనైంది నేను నేర్పుతాను."

"నువ్వేం నేర్పుతావు?"

"అనుభవం," అన్నాడు మాస్టరు.

అనేశాక అతనికే తెలిసింది, అనకూడని మాట అనేశానని.

పిట్ట రెండడుగులు వెనక్కి వేసింది. బల్ల మీద ఉన్న ఇంకో టేపు తీసి మెళ్ళో వేసుకుంది. ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి ఆ పిల్ల మెడ ముందుకి వంగింది. భుజాలు కుంచించుకుని చెవుల దగ్గరకొచ్చాయి. రెండు చేతులూ టేపు కొసలు పట్టుకుని, చిన్నపిల్లాడు అమ్మ కొంగు పట్టుకున్నట్టు, కిందికి లాగాయి. పెదవి ఒక పక్కకి నవ్వింది. కళ్ళు మాత్రం నవ్వలేదు. అవి పక్కకి వెళ్ళి, పక్కనున్న కూతురు ఎక్కడ నోరు విప్పుతుందోనని ఒకసారి చూసి, మళ్ళీ ఎదుటి పెద్దమనిషి మీదికి వచ్చాయి.

"అనుభవమండీ," అంది పిట్ట.

గొంతు మాస్టరుది కాదు, ఆడపిల్లదే. మిగతాదంతా మాస్టరుదే.

అత్త నవ్వబోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పెట్టుకున్నాక నవ్వు రాలేదు.

మాస్టరు మొహం నల్లబడింది. చెయ్యి లేచింది. ఆ చెయ్యి గాల్లో ఆగి, మెళ్ళో టేపు కొస పట్టుకుంది. పట్టుకున్నట్టు తెలిసి వదిలేసింది.

"నేను అలా వంగానా?" అన్నాడు. అడిగింది కూతుర్ని కాదు.

భార్య అతని వైపు చాలాసేపు చూసింది. పెళ్ళైన పంతొమ్మిదేళ్ళలో ఆమె అతన్ని అంతసేపు చూడటం అక్కకి కూడా గుర్తులేదు.

"వంగారు," అంది.

"ఆయన ముందా?"

"ఎవరొచ్చినా వంగుతారు. మీకు తెలుసనుకున్నాను."

మాస్టరు బల్ల మీంచి కాగితం తీసుకున్నాడు. సంతకం చెయ్యలేదు, చింపలేదు. దాన్ని గుప్పిట్లో పట్టుకుని కుట్టుమిషను ముందున్న పీట లాక్కుని, కూతురికి ఎదురుగా వేసుకుని కూర్చున్నాడు. కాగితం మోకాలి మీద నలుగుతోంది.

పిట్ట టేపు తియ్యబోయింది.

"తియ్యకు," అన్నాడు మాస్టరు. "మళ్ళీ చెయ్యి."